పోపుల డబ్బాలో ఏడో గిన్నె: ఆరేళ్లలోపు పిల్లలకు ఆట వస్తువులు ఎంచుకునే తీరు

మా అమ్మాయికి పద్నాలుగో నెల నడుస్తుండగా, తోమి బోర్లించిన పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి తన చేతికి చిక్కింది. గుండ్రటి డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు, పైన ఒక మూత. మొదటి కొన్ని వారాలు తను చేసిందల్లా గిన్నెలను ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెట్టడం, మళ్లీ డబ్బాలో పడేయడం, ఆ చప్పుడుకు మా ముఖాల వంక చూడడం. రెండేళ్లు నిండేసరికి ఆట మారింది. గిన్నెలన్నీ డబ్బాలో పట్టాలని, పైన మూత పడాలని పట్టుబట్టింది. ఆరు గిన్నెలను ఎలా పడితే అలా పెట్టేస్తే ఏడోది పట్టదు. దాన్ని మిగతావాటి మీద ఎక్కిస్తే మూత పడదు. ఆరింటినీ అంచు వెంట చుట్టూ జరిపి నడుమ చోటు వదిలితే తప్ప లెక్క కుదరదు. చెప్పబోయిన మా అత్తగారిని నేనే ఆపాను. నాలుగైదు రోజులు తంటాలు పడి, ఒకసారి కోపమొచ్చి మూత విసిరేసి, చివరికి ఒక మధ్యాహ్నం తనే నడుమ చోటు చేసి ఏడో గిన్నెను దింపింది. మూత టప్పున పడింది. వెంటనే మూత తీసి, అన్నీ కుమ్మరించి, మళ్లీ మొదలుపెట్టింది.

తన మొదటి పుట్టినరోజుకు మేము కొన్న బ్యాటరీ బొమ్మ కథ వేరు. మీట నొక్కితే దీపాలు వెలిగి ఇంగ్లీషు అక్షరాలు పలికే ఆ బొమ్మ పెట్టె మీద ‘ఎడ్యుకేషనల్ టాయ్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాలుగో రోజుకు తనకు దానితో పని తీరిపోయింది, ఎందుకంటే చేయవలసిన పనంతా ఆ బొమ్మే చేసేస్తోంది. ఈ వ్యాసంలో ఇవ్వబోయే సలహాలన్నిటికీ వెనుక ఉన్న కొలమానం ఆ రెండు వస్తువుల మధ్య తేడాయే: ఆడుతున్నంతసేపూ పనిలో పెద్ద వాటా బిడ్డ చేతులది, బుర్రది అయివుండాలి, వస్తువుది చిన్న వాటా కావాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో బాలల గృహాన్ని తెరిచిన మరియా మాంటిస్సోరి తయారు చేయించిన వస్తువులలో ఒకటి, ఒక్కోటి ఒక్కో కొలతలో ఉన్న పది గుంటలు, వాటిలో సరిపోయే పది కొయ్య గుబ్బలు ఉన్న దిమ్మె. ఒక గుబ్బను తప్పు గుంటలో పెడితే చివర ఒకటి ఎక్కడా ఇమడక మిగిలిపోతుంది. తప్పు జరిగిందని పిల్లలకు ఆ వస్తువే చెబుతుంది, టీచరు నోరు విప్పనక్కర లేదు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఆవిడ యుద్ధం మూలంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ దిమ్మె ధర చూసి వెనుకాడే తల్లిదండ్రులు తమ వంటింట్లో ఉన్న డబ్బాను ఒకసారి తెరిచి చూడాలని నా మనవి.

కొనే ముందు మూడు రోజులు

చాలా ఇళ్లలో కొనుగోలు పెట్టె మీద అచ్చువేసిన వయసును చూసో, పక్కింటి పిల్లవాడి దగ్గర ఉన్నదాన్ని చూసో జరుగుతుంది. ఆ రెండింటికన్నా నమ్మదగిన ఆధారం మన ఎదుటే పాకుతూ ఉంటుంది. మూడు రోజుల పాటు, రోజుకు పది నిమిషాలు, చేతిలో ఫోన్ లేకుండా బిడ్డకు కాస్త ఎడంగా కూర్చుని, తను ఏం చేస్తోందో ఒక కాగితం మీద రాయండి. మెచ్చుకోళ్లు, సలహాలు, ‘అలా కాదమ్మా, ఇలా’ అనే సవరణలు ఆ పది నిమిషాలూ పక్కన పెట్టండి. ‘చెంచా నాలుగుసార్లు కింద పడేసింది, పడిన ప్రతిసారీ వంగి చూసింది’ వంటి మామూలు వాక్యాలు చాలు. మూడో రోజుకు ఒక వరస కనిపిస్తుంది. ఒక బిడ్డ ఏది దొరికినా పైనుంచి పడేస్తుంది, ఒక బిడ్డ ప్రతిదాన్నీ ఏదో ఒకదానిలో దూరుస్తుంది, మరొక బిడ్డ ఒక గదిలో సామానంతా సంచిలో వేసుకుని ఇంకో గదికి మోస్తుంది.

పడేసే బిడ్డను చూసి మనం అల్లరి అంటాం. కంటికి కనిపించకుండా పోయిన వస్తువు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందన్న ఊహ బిడ్డల్లో ఎనిమిదో నెల ప్రాంతంలో బలపడుతుందని, తన సొంత పిల్లలను గమనిస్తూ వివరంగా రాసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే చెప్పాడు. కుర్చీ మీదినుంచి చెంచా పడేసి వంగి చూసే బిడ్డ, దుప్పటి కింద దాచిన గిలక్కాయను లాగే బిడ్డ, అమ్మ చెంగు చాటున దోబూచులాడే బిడ్డ, ముగ్గురూ ఆ ఊహనే పరీక్షించుకుంటున్నారు. పడేసే బిడ్డకు పగలనివి, చప్పుడులో తేడా ఉన్నవి నాలుగు ఇవ్వండి: ఒక చెక్క గరిటె, ఒక స్టీలు గ్లాసు, ఒక గుడ్డ బంతి, ఒక ప్లాస్టిక్ మూత. దూర్చే బిడ్డకు డబ్బాలు, మూతలు కావాలి. మోసే బిడ్డకు గట్టి పిడులున్న చిన్న గుడ్డ సంచి ఒకటి చాలు, దానిలోకి సామాను తనే వెతుక్కుంటుంది.

తొలి రెండేళ్లు

మొదటి రెండు మూడు నెలల్లో మనిషి ముఖాన్ని మించిన ఆట వస్తువు లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరంలో ఉన్నవి బాగా ఆనతాయి. పాలిచ్చే తల్లి ముఖం ఉండేది దాదాపు ఆ దూరంలోనే. మూడో నెల, నాలుగో నెల వచ్చేసరికి గిలక్కాయను పట్టుకోగలుగుతుంది, అయితే పట్టుకున్నదల్లా నోట్లోకే వెళుతుంది కాబట్టి రంగు ఊడనిది, కడగడానికి వీలైనది ఇవ్వాలి.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచే మనం వేళ్ల సంగతి మాత్రం పట్టించుకోం. తొమ్మిది, పది నెలల వయసులో బిడ్డ మొదటిసారిగా బొటనవేలిని, చూపుడువేలిని కలిపి పళ్లెం అంచున పడ్డ అన్నం మెతుకును ఏరుతుంది. రేపు గుండీ పెట్టుకునేవి, పెన్సిల్ పట్టేవి, సూదిలో దారం ఎక్కించేవి ఆ రెండు వేళ్లే. దానికి కూడా ఏదో ఒక తీపి వంట ఉండి ఉంటే బాగుండేది. ఆ వయసులో బిడ్డను అన్నం దగ్గర కాస్త ఖరాబు చేసుకోనివ్వడం ఏ బొమ్మకూ తీసిపోని సాధన.

నడక వచ్చే ముందు చాలా ఇళ్లకు బిడ్డను లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్ వస్తుంది. దయచేసి కొనవద్దు. దానివల్ల నడక త్వరగా రాదు, పైగా బిడ్డ మన చేయి అందేలోపే మెట్ల అంచుకో పొయ్యి దగ్గరికో చేరిపోతుంది. ఈ ప్రమాదాల వల్లనే కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన వడ్రంగులు చేసే మూడు చక్రాల నడక బండి వేరే రకం. దాని వెనుక బిడ్డ తన కాళ్ల మీద తను నిలబడి, తన బరువు తను మోసుకుంటూ తోస్తుంది. గడప, మెట్లు ఉన్నచోట దానికీ కాపలా ఉండాలనుకోండి.

నడక వచ్చాక ఒంటికి ఆట చాలా కావాలి. ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, ఏడాది పిల్లలకు తెర అసలు చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు గంటలంటే భయపడనక్కర లేదు, మెట్లెక్కడం, బట్టల బుట్టను తోయడం, కోడిపిల్ల వెంట పరుగెత్తడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

బొమ్మ పక్కన మనిషి

బొమ్మ ఇచ్చి పక్కకు తప్పుకోవడం, బొమ్మ ఇచ్చి పక్కన కూర్చోవడం ఒకటి కావు. 2016లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పది నుంచి పదహారు నెలల పిల్లలున్న 26 జంటలకు, అంటే ఒక బిడ్డ, ఒక పెద్ద చొప్పున, మాట్లాడే ఎలక్ట్రానిక్ బొమ్మలు, చెక్క పజిళ్లు, దిమ్మెల వంటి మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు ఇచ్చి ఇంట్లో జరిగిన మాటలను రికార్డు చేశారు. ఎలక్ట్రానిక్ బొమ్మతో ఆడుతున్నప్పుడు పెద్దల మాటలు తగ్గాయి, పెద్దలూ పిల్లలూ వంతులవారీగా పలకడం కూడా తగ్గింది. బొమ్మే మాట్లాడుతుంటే అమ్మకు మాట్లాడే సందు ఏది? చిన్న పరిశోధనే అయినా, బ్యాటరీ తీసేసి చూస్తే ఎవరింట్లో వారు రుజువు చేసుకోవచ్చు.

పక్కన కూర్చున్నవారు ఏం చేయాలన్నది తరచుగా వచ్చే సందేహం. మనవాళ్లలో ఎక్కువమంది పరీక్ష పెడతారు: ‘ఇదేం రంగు? అదేం జంతువు? ఇవెన్ని?’ వరుసగా నాలుగు ప్రశ్నలు పడేసరికి బిడ్డ లేచి వెళ్లిపోతుంది. ప్రశ్నకు బదులు బిడ్డ చేస్తున్నదాన్ని మాటల్లో పెట్టండి. ‘ఎర్ర గిన్నె పెద్ద గిన్నెలోకి దూరింది’, ‘అయ్యో, జారిపోయింది’. ఆ తర్వాత ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగితే, ఎక్కువసార్లు బిడ్డే ఏదో ఒకటి అంటుంది, లేదా చూపుతుంది. ఇంట్లో ఏ భాష నోటికి సహజంగా వస్తుందో ఆ భాషలోనే ఈ మాటలు సాగాలి. డల్లాస్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది మరింత అవసరం: ‘కింద’, ‘మీద’, ‘లోపల’, ‘పక్కన’, ‘ఇంకొంచెం’, ‘అయిపోయింది’ అన్న మాటలు వస్తువు చేతిలో ఉన్నప్పుడే అతుక్కుంటాయి, వారానికోసారి జరిగే తరగతిలో అంతగా అతుక్కోవు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాదిన్నర దాటినా బిడ్డ తనకు కావలసినదాన్ని వేలితో చూపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఒక బండి చక్రాన్ని గంటల తరబడి తిప్పడం వంటి ఒకే పని తప్ప మరో ఆట లేకపోయినా, ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని చెప్పేవారి మాట విని కూర్చోకుండా పిల్లల వైద్యుణ్ణి కలవాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే ప్రభుత్వ కేంద్రాలలో ఇటువంటి పరీక్షలు ఉచితంగా జరుగుతాయి, అంగన్‌వాడీలో అడిగితే దారి చెబుతారు.

నాలుగు చాలు

గదినిండా బొమ్మలున్న బిడ్డ ‘ఏం తోచట్లేదు’ అనడం వింతగా అనిపిస్తుంది గానీ, కారణం ఆ గదే. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, ఇంకోసారి పదహారు బొమ్మలతో ఆడించి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దానితో రకరకాల పనులు చేశారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకారు.

కాబట్టి కొత్తది కొనే ముందు ఉన్నవాటిని ఒకచోట కుప్ప పోయండి. విరిగినవి, భాగాలు పోయినవి తీసేయండి. మిగిలినవాటిని మూడు అట్టపెట్టెల్లో సర్దండి. ప్రతి పెట్టెలోనూ పేర్చేది ఒకటి, పోసేది లేక నింపేది ఒకటి, నటించి ఆడేది ఒకటి, ఒంటికి పని చెప్పేది ఒకటి ఉండేలా చూడండి. ఒక పెట్టెలోవి బిడ్డ చేతికి అందే ఎత్తులో, తలుపుల్లేని అర మీద ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేలా పెట్టి, మిగతా రెండు పెట్టెలను అటక మీద పెట్టేయండి. రెండు వారాలకు మార్చండి. పడుకునేటప్పుడు హత్తుకునే బొమ్మను మాత్రం ఈ మార్పిడిలో చేర్చవద్దు, అది ఆట వస్తువు కిందికి రాదు, కుటుంబ సభ్యుడి కిందికి వస్తుంది.

వడ్రంగి దగ్గర చేయించుకునే దిమ్మెలు

డబ్బు పెట్టి ఒకే ఒక్క వస్తువు సమకూర్చమంటే నేను చెక్క దిమ్మెలే చెబుతాను, వాటిని కొట్లో కొనడం కన్నా వడ్రంగి దగ్గర చేయించడం మేలంటాను. వేప గానీ, మిగిలిపోయిన టేకు ముక్కలు గానీ సరిపోతాయి, రంపపు పొట్టుతో అతికిన షీటు ముక్కలు వద్దు, అవి అంచుల్లో రాలిపోతాయి. కొలతల్లో ఒక్క నియమం తప్పనిసరి: మందానికి రెండింతలు వెడల్పు, వెడల్పుకు రెండింతలు పొడవు. మూడున్నర సెంటీమీటర్ల మందం అనుకుంటే ఏడు వెడల్పు, పద్నాలుగు పొడవు అవుతుంది. ఇటువంటివి ఇరవై, వీటిలో సగం పొడవున్నవి ఇరవై, రెట్టింపు పొడవున్నవి ఎనిమిది చేయించండి. మూలలు చేతికి గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో బాగా రుద్దించండి. రంగు, వార్నిష్ అక్కర లేదు. కొలతల దగ్గర మాత్రం వడ్రంగిని వదలకండి, రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా నాలుగో అంతస్తు దగ్గర కట్టడం ఒరిగిపోతుంది, దానికి బిడ్డ తన చేతినే తప్పుపట్టుకుంటుంది.

ఇక దిమ్మెలు చేసే పని చూడండి. ఏడాదిన్నర బిడ్డ వాటిని మోస్తుంది, అంతే. రెండేళ్లకు ఆరు దిమ్మెల దాకా ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది, లేదా రైలులా వరుసగా పరుస్తుంది. మూడేళ్ల ప్రాంతంలో ఒక రోజు రెంటిని ఎడంగా నిలిపి మూడోదాన్ని అడ్డంగా వేస్తుంది, వంతెన వచ్చింది. నాలుగేళ్లకు దడి కట్టి లోపల ఆవును పెడుతుంది. ఐదేళ్లకు ఎడమ పక్క ఏం పెడితే కుడి పక్క అదే పెట్టి గోపురం కడుతుంది. పొడుగు దిమ్మె అయిపోయినప్పుడు రెండు మామూలువి కలిపి పెట్టడం, మామూలుది అయిపోతే రెండు సగాలు కలపడం ఏ పెద్దమనిషీ చెప్పకుండానే పట్టుబడుతుంది. నాలుగో తరగతిలో భిన్నాలు వచ్చినప్పుడు ఆ బిడ్డకు సగం అంటే ఏమిటో చేతులకు తెలిసే ఉంటుంది. మీరు చేయవలసింది కట్టిన కట్టడాన్ని ఆ రాత్రికి ఊడ్చేయకుండా గదిలో ఒక మూల వదిలేయడం. మరునాడు ఆట అక్కడినుంచి పెరుగుతుంది.

లక్కపిడతలు

మా అమ్మాయి రెండున్నరేళ్ల వయసులో మా ఇంట్లో జరిగిన ఒక ఆటను రాసుకున్నది రాసుకున్నట్టుగా ఇస్తున్నాను. పిల్ల ఖాళీ లక్క చెంబును తాతగారికి అందించి, ‘తాతయ్యా, కాఫీ. వేడిగా ఉంది, ఊదుకుని తాగు’ అంది. ఆయన ఊదుకుని, ఒక గుక్క తాగినట్టు చేసి, ‘పంచదార వెయ్యలేదేంటమ్మా?’ అన్నారు. పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. ‘పంచదార అయిపోయింది. కొట్టుకెళ్లాలి’ అని మంచం కిందికి దూరి, ఖాళీ గుప్పిట మూసుకుని వచ్చి, చెంబు మీద విదిలించి, పుల్లతో కలిపింది. తాతగారు అక్కడ ఒకే ఒక్క మాట అన్నారు, ఆ మాటతో ఆట ఒక అడుగు ముందుకు వెళ్లింది. ‘అందులో కాఫీ లేదుగా’ అని ఉంటే అక్కడితో ఆగిపోయేది. పెద్దలు ఆటలో చేరవలసిన పద్ధతి ఇదే: బిడ్డ ఇచ్చిన పాత్రను ఒప్పుకోవాలి, చిన్న చిక్కు ఒకటి పెట్టాలి, పరిష్కారాన్ని బిడ్డకే వదిలేయాలి.

లేని పంచదారను ఉన్నట్టుగా పట్టుకొచ్చిన ఆ గుప్పిట చిన్న సంగతి కాదు. కర్రను గుర్రం అనుకుని స్వారీ చేసే పిల్లవాడు, కంటికి కనిపించే వస్తువునుంచి దాని అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడని సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ విగోత్స్కీ వివరించాడు. పలక మీద గీసిన ‘క’ కూడా అటువంటి కర్ర గుర్రమే. ఒక వంకర గీత ఒక ధ్వనికి బదులు నిలబడుతుందని ఒప్పుకోవాలంటే, అంతకు ముందే పుల్ల గరిటెకు, ఇసుక అన్నానికి, మంచం కింద కొట్టుకు బదులు నిలబడి ఉండాలి. గుజ్జనగూళ్లు ఆడుకునే పిల్లలను ‘ఆటలు చాలు, చదువుకోండి’ అని లేపేవారు ఈ వరుసను ఒకసారి ఆలోచించాలి. ప్రభుత్వం కూడా ఆ దారికే వచ్చింది: 2022 నాటి పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆట ద్వారానే బోధన సాగాలంది, మరుసటి ఏడాది పాఠ్యపుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ బొమ్మలు, పజిళ్లు, కథల కార్డులతో ‘జాదుయీ పిటారా’ (మాయా పెట్టె) అనే పెట్టెను విడుదల చేసింది. లక్కపిడతలు మగపిల్లలకు ఎందుకనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అన్నం వండుకోవడం రేపు వాడికీ అవసరమే.

లక్కపిడతలకు పేరుపడ్డ ఊరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. మెత్తటి అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పుతూ, దానికి రంగు కలిపిన లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటి ప్రకృతి రంగులను అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మెత్తని అంచులు, చేతికి ఇమిడే పరిమాణం, విడిపోని ఒకే ముక్క: చిన్నపిల్లల చేతికి ఏటికొప్పాక వస్తువు బాగా నప్పుతుంది. కొండపల్లి బొమ్మ సంగతి వేరు. పొణికి కర్రతో చెక్కిన కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, పైన రంగులు వేస్తారు. అది బొమ్మలకొలువులో నిలబడవలసిన అందం, అన్నీ నోట్లో పెట్టుకునే బిడ్డకు అందకుండా పై మెట్టు మీదే ఉంచాలి.

కొనేటప్పుడు, కొన్న తర్వాత

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తుతో పాటు ‘సీఎం/ఎల్’ అన్న అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది, దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తేలుతుంది. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వస్తువులకు, భౌగోళిక గుర్తింపు పొందినవాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, అందువల్ల ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు లేకపోవడం లోపం కాదు. అయితే ఊరి పేరు చెప్పి అమ్మేవన్నీ ఆ ఊరివి కావు, ప్రకృతి రంగులన్నవన్నీ ప్రకృతి రంగులూ కావు. తడి గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు గుడ్డకు అంటితే బిడ్డ నాలుకకూ అంటుతుంది.

మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఒక గొట్టం చేసి పెట్టుకోవడం మంచిది. దళసరి అట్టముక్కను లోపలి అడ్డుకొలత 32 మిల్లీమీటర్లు ఉండేలా చుట్టి టేపు వేయండి. పది రూపాయల నాణెం అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు కనుక దానికన్నా కాస్త వెడల్పు అన్నమాట. ఏ వస్తువు గానీ, దాని నుంచి ఊడగల ఏ ముక్క గానీ ఆ గొట్టంలో పూర్తిగా దిగిపోతే అది గొంతుకు అడ్డం పడగలదు. గోలీలు, గవ్వలు, చింతపిక్కలు, ఊడిన బొమ్మ కళ్లు ఈ పరీక్షలో తప్పుతాయి. గాలి బుడగ పగిలిన ముక్కలు గొట్టంతో పని లేకుండానే ప్రమాదం, వెంటనే ఏరేయాలి.

అన్నిటికన్నా భయపడవలసింది బిళ్ల బ్యాటరీకి. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, అక్కడి తడితో కలిసి విద్యుత్తు ప్రవహించి, రెండు గంటల్లోపే లోపల కాలిన గాయం చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. బ్యాటరీ ఉండే అర మూతను స్క్రూతో బిగించి లేని బొమ్మను ఇంట్లోకి రానివ్వకండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడలకు అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు పూసలు కడుపులోనూ ఉబ్బుతాయి. ఈ రెంటికీ పసిపిల్లలున్న ఇంట్లో చోటు లేదు.

అంకెలు నేర్పుతానన్న వస్తువు

ఎడ్యుకేషనల్ అన్న పేరుతో అమ్మేవాటిలో సింహభాగం అక్షరాలవీ అంకెలవీ. ఇవి పనికిరావని అనను. అయితే అవి నేర్పేదేమిటో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పే మూడేళ్ల బిడ్డ ముందు పది బిస్కెట్లు పెట్టి ‘నాకు మూడు ఇవ్వమ్మా’ అనండి. చాలామంది పిల్లలు గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చివర వచ్చిన మాటే మొత్తానికి కొలత అని తెలియడానికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది, పాటలా పాడితే ఆ తెలివి రాదు. భోజనానికి కంచాలు పెట్టించండి: నానమ్మకొకటి, నాన్నకొకటి, అన్నయ్యకొకటి. కంచాలు అయ్యాక గ్లాసులు. ఒక గ్లాసు తక్కువైనప్పుడు ఎవరికి లేదో బిడ్డనే చెప్పనివ్వండి. కొట్లో దొరికే పూసల చట్రం కన్నా ఇది ముందు చేయవలసిన పాఠం, అందులోనూ రోజుకు రెండు పూటలా జరిగే పాఠం.

ఐదో ఏడు దాటాక

నోట్లో పెట్టుకునే అలవాటు పూర్తిగా పోయి, ఇంట్లో ఇంకో చిన్నబిడ్డ లేకపోతే, చింతపిక్కలను, గవ్వలను ఇప్పుడు దించవచ్చు. వామనగుంటల పీటలో రెండు వరుసలుగా పద్నాలుగు గుంటలు. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. మొదట్లో బిడ్డ ఏదో ఒక గుంట ఎత్తుతుంది. కొన్నాళ్లకు చెయ్యి గుంట మీద ఆగుతుంది, పెదవులు కదులుతాయి, వేలితో గాలిలోనే పిక్కలు వేసి చూసుకుని, ఆ గుంట వదిలి పక్కది ఎత్తుతుంది. చేసే ముందు మనసులో చేసి చూడడమన్నది అంత స్పష్టంగా కంటికి కనిపించే ఆట నాకు ఇంకొకటి తెలియదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం మరో ఏడాది ఆగితే మంచిది. అష్టాచెమ్మా ముందే ఆడవచ్చు, ఎందుకంటే అందులో సగం అదృష్టం: నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అదృష్టం ఉన్నచోట ఐదేళ్ల మనవరాలు అరవై ఐదేళ్ల అమ్మమ్మను నిజంగానే ఓడించగలదు.

బయట ఆటకు వేసవి సెలవుల్లో ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటి బుర్రలు, ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి చివర పంగ ఉన్న పొడవాటి కర్ర చాలు. బండి ఒక పక్కకే లాగుతుంటే బుర్రల్లో ఒకటి చిన్నదైందని పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు, కాస్త ఆగండి.

చివరగా, ఓటమి సంగతి. పిల్లలు ఏడుస్తారని పెద్దలు కావాలని ఓడిపోవడం మన ఇళ్లలో అలవాటు. నాలుగేళ్ల దాకా ఫరవాలేదు. ఐదో ఏడు దాటిన బిడ్డ మాత్రం ఆ నాటకాన్ని పసిగడుతుంది, పసిగట్టాక తన గెలుపులన్నిటినీ అనుమానిస్తుంది. కావాలని ఓడే బదులు ఆటకు ముందే బాహాటంగా వెసులుబాటు ఇవ్వండి: వామనగుంటల్లో బిడ్డకు మొదటి ఎత్తు ఇవ్వండి, అష్టాచెమ్మాలో తన కాయ ఒకటి ముందే లోపలి గడిలో పెట్టనివ్వండి. ఓడి ఏడిస్తే ‘ఆటేగా, దానికెందుకు ఏడుపు’ అనకుండా, పిక్కలు లెక్కపెట్టి సంచిలో పోసే పని ఆ బిడ్డకే అప్పగించండి. పద్నాలుగు గుంటల పిక్కలు ఏరేసరికి ఏడుపు సగం తగ్గుతుంది. రెండో ఆట అడిగితే ఆడండి, అడగకపోతే పీట ఎత్తి రేపటికి గోడకు ఆనించి పెట్టండి.